గాలి పీల్చండి సిస్టర్, ఫొటో తీయాలి

నర్సుల్లో ఒత్తిడి పెరిగిపోతోందట. పై నుంచి సర్క్యులర్ వచ్చింది. వచ్చాక ఊరుకుంటారా? సదస్సు పెట్టారు. ఏ ఆసుపత్రిలో అని అడక్కండి, ఎక్కడ పెట్టినా ఇదే తంతు. ఉదయం పది గంటలకు మీటింగ్ హాల్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో వరసగా సార్ల ఫొటోలు, వెనకాల ఒక ప్రశాంతమైన సరస్సు. నర్సు ఫొటోకు జాగా చాల్లేదు.

ముందు వరుసలో ఎవరు? రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగిన సిస్టర్లు. పన్నెండు గంటలు కాళ్ల మీద నిలబడి వచ్చిన మనిషిని ఇంటికి పోనివ్వకుండా కూర్చోబెట్టి, నిద్ర ఎంత ముఖ్యమో చెబుతున్నారు. రోజుకు ఎనిమిది గంటలు పడుకోవాలమ్మా. వేళకు తినాలి. పిల్లలతో గడపాలి. ఏదైనా హాబీ పెట్టుకోవాలి. ఇప్పుడు కళ్లు మూసుకోండి, గాలి పీల్చండి, నెమ్మదిగా వదలండి. మూసిన కళ్లు మళ్లీ తెరుచుకోకపోతే? అదీ విజయమే. సిబ్బంది గాఢమైన ధ్యానంలోకి వెళ్లారని ప్రెస్ నోట్ రాసుకోవచ్చు.

మరి వీళ్లిక్కడ గాలి పీలుస్తుంటే వార్డులో ఎవరున్నారు? మిగిలిన ఒక్క సిస్టర్. ఆమె ఒత్తిడికి వచ్చే నెల ఇంకో సదస్సు ఉంది లెండి.

పని ఒత్తిడితో ఇలా కాలిపోవడాన్ని బర్నవుట్ అంటారు. ఇది కొత్త సంగతేం కాదు. 1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త, ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లను చూసి దాని గురించి రాశాడు. పేదలకు ఏదో చేద్దామని ఉత్సాహంగా వచ్చినవాళ్లే ముందుగా కాలిపోతున్నారని గమనించాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన జబ్బుల వర్గీకరణ పట్టికలో వివరించింది. రోగం అనలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోతే వచ్చే స్థితి అంది. ఒంట్లో సత్తువ పోతుంది. పని మీద విరక్తి పుడుతుంది. తను చేసేది ఎందుకూ కొరగాదనిపిస్తుంది. పనిచేసే చోట అంది, గమనించారా? సిస్టర్ మనసులో అనలేదు, ఆమె జాతకంలో అనలేదు. మరి ఆ చోటును నడిపేది ఎవరు? పోస్టులు మంజూరు చేసేది ఎవరు? చేసినవి నింపకుండా నానబెట్టేది ఎవరు? ఆ సార్లలో ఒక్కరినైనా కళ్లు మూసుకోమన్నారా? అక్కర్లేదు. వాళ్లు ఎప్పటినుంచో మూసుకునే ఉన్నారు.

మే 12, నర్సుల దినోత్సవం రాగానే ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫొటోకు దండ పడుతుంది. కొవ్వొత్తులు వెలుగుతాయి. ‘మీరు దేవతలు’ అనే ప్రసంగం మొదలవుతుంది. దేవతలకు జీతం, సెలవు, బాత్రూమ్ అవసరం ఉండవు కదా, మాట భలే కలిసొస్తుంది. నైటింగేల్ దీపం పట్టుకుని తిరిగిందని మాత్రమే మనకు చెప్పారు. ఆవిడ అసలు లెక్కల మనిషి. క్రిమియా యుద్ధంలో సైనికులు తూటాల కంటే ఎక్కువగా ఆసుపత్రి మురికిలో అంటుకున్న జబ్బులతో చస్తున్నారని అంకెలు పేర్చి, రంగుల పటాలు గీసి లండన్ దొరల ముందు పెట్టింది. అక్కడి గణాంక సంఘంలో సభ్యత్వం దొరికిన మొదటి మహిళ ఆవిడే. దీపానికి ఖర్చు లేదు. లెక్క అడిగితే ఖర్చు. అందుకే దీపం ఉంచారు, లెక్క దాచారు.

మనం ఆ లెక్కే అడుగుదాం. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ఏం చెబుతోంది? బోధనాసుపత్రిలో మూడు పడకలకు ఒక నర్సు. మామూలు జనరల్ ఆసుపత్రిలో ఐదు పడకలకు ఒకరు. సెలవులకు, జబ్బులకు, ప్రసవాలకు అదనంగా 30 శాతం. అంటే 30 పడకల బోధనాసుపత్రి వార్డుకు పది మంది, పైన ముగ్గురు. ఆ పది మందిని మూడు షిఫ్టులకు పంచండి. షిఫ్టుకు ముగ్గురు. కాగితం మీద అంతా సవ్యంగా ఉన్న రోజున కూడా ఒక్కో సిస్టర్‌కు పది మంది రోగులు. కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్నారు, అక్కడ జనరల్ వార్డులో ఒక నర్సుకు ఐదుగురు మించకూడదు. మనది పేద దేశం, ఒప్పుకుందాం. కానీ మనం రాసుకున్న పేద లెక్కనైనా పాటిస్తున్నామా?

2019లో సూర్యాపేటకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 150 సీట్లు. సంతోషం. మన పిల్లలు డాక్టర్లవుతారు, ఎవరు కాదన్నారు? కాలేజీతో పాటు ఆసుపత్రి కూడా బోధనాసుపత్రి అయింది. బోర్డు మారిన రోజే నర్సుల లెక్క కూడా ఐదుకు ఒకరి నుంచి మూడుకు ఒకరికి మారాలి. మారిందా? ఏ వార్డులో, ఏ షిఫ్టులో ఎంతమంది ఉన్నారో గోడ మీద ఎక్కడైనా రాశారా? జిల్లాకో మెడికల్ కాలేజీ అని తెలంగాణలో పాత, కొత్త ప్రభుత్వాలు రెండూ మైకులు పగలగొట్టాయి. వార్డుకు ఇన్ని ప్రాణాలు చూసుకునే చేతులు అని ఎవరైనా ఒక్క మైకులో అన్నారా? నర్సు రిబ్బన్ కట్ చేసే వస్తువు కాదు మరి.

ఇదేదో సిస్టర్ల కడుపుమంట అనుకుంటే పొరపాటు. లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు అచ్చు వేసింది. నర్సుకు అప్పగించే రోగుల్లో ఒక్కరు పెరిగితే చాలు, ఆపరేషన్ అయిన రోగి నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరిగింది. నర్సు కాలిపోయే ముప్పు 23 శాతం పెరిగింది. అర్థమైందా? ఆమె బర్నవుటూ, మీ నాయన పోవడమూ ఒకే లెక్కలోని రెండు గళ్లు. దీనికి ప్రాణాయామం ఏం చేస్తుంది?

రాత్రి రెండు గంటలప్పుడు ఒక వార్డులోకి తొంగి చూడండి. పడకలు నిండి కింద చాపల మీదా పేషంట్లున్నారు. సిస్టర్ ఒక్కతే. నాలుగో బెడ్డు అవ్వకు సెలైన్ అయిపోయి పైపులోకి రక్తం ఎక్కుతోంది. తొమ్మిదో బెడ్డులో బీపీ పడిపోతోంది, డ్యూటీ డాక్టరుకు రెండోసారి ఫోన్ చేసింది. ఆయన క్యాజువాలిటీలో యాక్సిడెంట్ కేసుతో ఉన్నాడు. మధ్యలో ఒక పెద్దమనిషి వచ్చి ఫ్యాన్ తిరగట్లేదంటాడు. ‘గంట నుంచి పిలుస్తున్నం, చెవులు పనిజేస్తలేవా?’ అని ఇంకొకాయన. ఒక చేత్తో క్యాన్యులా ఫ్లష్ చేస్తూ, భుజానికి చెవికి మధ్య ఫోన్ నొక్కిపెట్టి, ‘వస్తున్న అవ్వా, చెయ్యి కదిలియ్యకు’ అంటోంది. అవ్వ కదిలించనే కదిలించింది. సూది ఊడింది. మళ్లీ నరం వెతకాలి. ఆ నరాల్లో నెత్తురు కంటే ముడతలే ఎక్కువ. మూడున్నరకు ఊపిరి తీసుకునే వీలు దొరికింది. సదస్సులో నేర్పిన పద్ధతిలో కాదు, మామూలుగా. అప్పుడు కేస్ షీట్లు ముందేసుకుంది. ఇచ్చిన ప్రతి మందూ రాయాలి. రాయకపోతే ఇవ్వనట్టే. రాస్తూ రాస్తూ తల అర నిమిషం వాలింది.

సరిగ్గా ఆ అర నిమిషాన్నే ఒక అటెండెంట్ సెల్‌ఫోన్‌లో పట్టుకున్నాడు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ‘ప్రాణాలు పోతున్నా గుర్రు పెడుతున్న నర్సు’. పదకొండు గంటలకు మెమో. మిగతా పదకొండు గంటల యాభై తొమ్మిదిన్నర నిమిషాల వీడియో ఎవరి దగ్గరుంది?

మెమో అంటే గుర్తొచ్చింది, ఆకస్మిక తనిఖీ. పది మంది ఫొటోగ్రాఫర్లకు ముందురోజే టైం చెప్పి చేసేదాన్ని ఆకస్మికం అనడం మన దగ్గరే సాధ్యం. నాయకుడొస్తాడు. దుప్పటి ఎత్తి చూస్తాడు. ‘ఏందిది? ఇంత మురికా?’ ఎవర్ని అడుగుతాడు? సిస్టర్‌ని. శానిటేషన్ కాంట్రాక్టు ఎవరిది? ఆమెది కాదు. కొందరు నాయకుల చుట్టాలది కావచ్చు. మందు లేదంటే ఆమె తిట్లు తినాలి, స్కానింగ్ మిషన్ పాడైతే ఆమె తినాలి, లిఫ్ట్ ఆగినా ఆమే. ఆసుపత్రి అనే మహా యంత్రాంగంలో పేదవాడి చేతికి అందే దూరంలో ఉన్న మనిషి ఆమె ఒక్కతే. నాయకుడి చేతికీ ఆమే అందుతుంది. పెద్దసారు ఏసీ గదిలో ఉంటాడు, ఆయన్ని కెమెరా ముందు గదమాయిస్తే సాయంత్రం ఫోన్లొస్తాయి.

వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం చేశారు. చట్టం ఉందని చెప్పే బోర్డు మాత్రం క్యాజువాలిటీ గుమ్మం దగ్గర దుమ్ము పట్టి ఉంటుంది. కొట్టేవాడికి ఆ బోర్డు చదివే తీరిక ఉంటుందా?

మనం తక్కువ తిన్నామా? 2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి పళ్లేలు, గరిటెలు పట్టుకుని డాబా ఎక్కాం. ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ నుంచి కేసులు ఎనభై దాటేసరికి, చప్పట్లు కొట్టిన చేతులతోనే తలుపు గడియలు పెట్టుకున్నాం. మే 3న హెలికాప్టర్లు వచ్చి హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లాయి. అద్భుతం. జూలైలో అదే గాంధీలో ఔట్‌సోర్సింగ్ నర్సులు విధులు మానేసి రోడ్డెక్కారు. నెలకు 17,500 రూపాయలకు కరోనా వార్డులో పనిచేస్తున్నాం, మమ్మల్ని పర్మినెంట్ చేయండి అన్నారు. పూలు రాలిన చోటే ఆకలి కేక. ఆ మరుసటి ఏడు, 2021 జూలైలో, రాష్ట్రంలో పదహారు వందల మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను ఇక చాలు వెళ్లండన్నారు. రెండో వేవ్ వెనక్కి తగ్గింది కదా, ఇంకెందుకు? ఆ హెలికాప్టర్ల ఇంధనం ఖర్చుతో ఎంతమందికి ఎన్ని నెలల జీతం వచ్చేదో లెక్క వేసిన పుణ్యాత్ముడు ఎవరైనా ఉన్నాడా?

ఉద్యోగాలు ఇవ్వలేదా అంటారు. ఇచ్చారు, కాదనం. 2022 డిసెంబర్ చివర నోటిఫికేషన్ వేశారు, 2023 ఆగస్టులో పరీక్ష పెట్టారు, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు పంచారు. నోటిఫికేషన్ మాది అంటారు పాతవాళ్లు. కాగితం ఇచ్చిన చెయ్యి మాది అంటారు కొత్తవాళ్లు. ఆ బిడ్డలకు మాత్రం తమను ఎవరు కన్నారో ఇప్పటికీ తేలలేదు. 2024 సెప్టెంబర్‌లో ఇంకో 2,050 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. ఈసారి పోస్టు పేరు నర్సింగ్ ఆఫీసర్. చూశారా గౌరవం! ఆఫీసరమ్మ వీల్‌చైర్ వెతుక్కుంటుంది. ఆఫీసరమ్మ స్ట్రెచర్ తోస్తుంది. ఆఫీసరమ్మ ఇండెంట్ పట్టుకుని స్టోర్ ముందు నిలబడుతుంది. ఆఫీసరమ్మకు బట్టలు మార్చుకునే గది ఉందా, దానికి గడియ ఉందా అని మాత్రం అడగొద్దు. పేరు మార్చడానికి ఒక జీవో చాలు. గడియ పెట్టాలంటే బడ్జెట్ కావాలి.

ఇక ప్రైవేటు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండ్ల చుట్టూ చూడండి, ఎన్ని అంతస్తులు, ఎన్ని నియాన్ బోర్డులు! ఆసుపత్రి బిల్లు చేతికొచ్చినప్పుడు ఒక్కసారి నిదానంగా చదవండి. నర్సింగ్ చార్జీలు, రోజుకు ఇంత. దాన్ని పడకల సంఖ్యతో గుణించండి, నెల రోజులతో గుణించండి. తర్వాత సెలైన్ మార్చడానికి వచ్చిన ఆ చిన్న పిల్లను మెల్లగా అడగండి, నీ జీతం ఎంత బిడ్డా అని. ఆ పిల్ల చెప్పదు. అటూ ఇటూ చూసి నవ్వేస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ బీరువాలో ఉన్న పిల్లలు అలాగే నవ్వుతారు.

2016 జనవరి 29న సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల బతుకు చూడడానికి కమిటీ వేయమంది. కేంద్రం వేసింది. కమిటీ ఏం చెప్పింది? 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. వంద దాటితే అందులో పది శాతం మించి తగ్గకూడదు. యాభై నుంచి వంద అయితే 25 శాతం. యాభైలోపు ఉన్న చిన్న నర్సింగ్ హోమ్ అయినా నెలకు 20 వేలకు తగ్గకూడదు. పనిగంటలు, సెలవులు, రాకపోకలు ప్రభుత్వ నర్సుల్లాగే ఉండాలి. కేరళలో నర్సులు 2017లో సమ్మెకు దిగి 2018లో ఆ 20 వేలను ప్రభుత్వం చేత కనీస వేతనంగా రాయించుకున్నారు. మన దగ్గర? ఆ నివేదిక ఏ ఫైల్లో పడుకుందో. సదస్సుల్లో చెప్పే ఎనిమిది గంటల నిద్ర దానికి మాత్రం హాయిగా దొరికింది. వారానికి డెబ్భై గంటలు పనిచేయండని ఒక కార్పొరేట్ పెద్దాయన, తొంభై అని ఇంకొకాయన సెలవిస్తే దేశమంతా టీవీల్లో చర్చ. ఒకే వారంలో నాలుగు నైట్లు, రెండు డబుల్ డ్యూటీలు చేసిన సిస్టర్ ఆ చర్చను వార్డు టీవీలో, రోగికి యాంటీబయాటిక్ ఎక్కిస్తూ విన్నది. ఆమెను ఎవరూ అభిప్రాయం అడగలేదు.

అంత కష్టమైతే మానేయొచ్చుగా అంటారు కొందరు మేధావులు. మానేస్తున్నారు కదా! మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ నేర్పించి మరీ విమానం ఎక్కిస్తోంది. తప్పులేదు, బతుకు బాగుపడితే అంతకంటే కావాల్సిందేముంది? కానీ వింత చూడండి. జర్మనీ వార్డులో నర్సులు తక్కువైతే మనకు కబురొస్తుంది. మన వార్డులో తక్కువైతే ఎవరికి కబురు పోతుంది? 2023 నాటికి ప్రపంచం మొత్తం మీద 58 లక్షల మంది నర్సులు తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఖాళీలు పూడ్చే బాధ్యత మన ఊళ్లే నెత్తినేసుకున్నాయి, పాపం.

ఇక మా తిరుమలగిరికి వద్దాం. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద ఊరు. ఇక్కడ రాత్రి పూట గుండె పట్టేస్తే సూర్యాపేట పరుగెత్తాలి, సుమారు నలభై కిలోమీటర్లు. సూర్యాపేటలో నైట్ డ్యూటీ ఉన్న సిస్టర్ కూడా ఇదే రోడ్డు మీద సాయంత్రం బస్సెక్కాలి. మహాలక్ష్మి పథకం పుణ్యాన టికెట్ సున్నా. రద్దీలో సీటు కూడా సున్నా. పన్నెండు గంటల నిలుచుడుకు ముందు గంట రిహార్సల్. పల్లెల్లో తిరిగే ఏఎన్‌ఎం సంగతి ఇంకా వేడుక. సూదులు, గర్భిణులు, బీపీ, షుగర్, టీబీ. ఒక్కోదానికి ఒక్కో రిజిస్టర్, మళ్లీ ఒక్కో యాప్. సర్వర్ డౌన్. ఎంట్రీ చేయకపోతే జూమ్ మీటింగ్‌లో పేరు చదివి పరువు తీస్తారు. ఉపకేంద్రానికి మాత్రం పల్లె దవాఖాన అని ఒకరు, ఆరోగ్య మందిర్ అని ఒకరు పేర్లు పెట్టి పోయారు. మందిరంలో పూజారి ఒక్కతే, హుండీ ఎవరిదో తెలియదు.

2025 జూలై 14న ముఖ్యమంత్రి ఈ తిరుమలగిరికే వచ్చి కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలుపెట్టారు. పెద్ద సభ. మంచి పనే. రేషన్ షాపుకు ఒక నియమం ఉంది. ఎంత సరుకు వచ్చింది, ఎంత మిగిలింది అని డీలర్ బోర్డు మీద రాయాలి. తేడా వస్తే కార్డుదారుడు నిలదీయొచ్చు. బియ్యానికి ఉన్న ఈ మర్యాద ప్రాణానికి ఎందుకు లేదు? ప్రతి వార్డు గుమ్మానికి ఒక నల్లబల్ల. మూడే గీతలు. ఈ షిఫ్టులో రోగులు ఎందరు. సిస్టర్లు ఎందరు. నిబంధన ప్రకారం ఉండాల్సింది ఎందరు. ప్రభుత్వ ఆసుపత్రికీ ఇదే, ప్రైవేటుకూ ఇదే. నైట్ దిగిన మనిషిని మర్నాడు మళ్లీ పిలవొద్దు, వారానికో ఆఫ్ ఇవ్వండి, సెలవుల కోసం రాసుకున్న ఆ 30 శాతం మందిని నిజంగా పెట్టండి, కంప్యూటర్ ఎంట్రీకి వేరే మనిషిని ఇవ్వండి, రాత్రి దిగబెట్టడానికి బండి పెట్టండి. ఇవేవీ కళ్లు మూసుకుంటే వచ్చేవి కావు.

బల్ల మాత్రం పెట్టరు. ఎందుకో తెలుసా? ఆ మూడు గీతలు చదివిన రోజున, రోగి తమ్ముడు సిస్టర్ మీద అరవడం మానేసి పై అంతస్తు ఏసీ గదికి మెట్లెక్కుతాడు.

చాక్‌పీసులకు నిధులు లేవంటారా? తిరుమలగిరి చౌరస్తాలో చందా వేసి డబ్బా పంపుతాం. బల్ల కూడా మేమే చేయించి పంపుతాం. రోజూ మూడు పూటలా దాని మీద ఎవరు రాయాలో మాత్రం సార్లే తేల్చుకోవాలి. సిస్టర్‌కు అప్పజెప్పకండి. రాయాల్సిన రిజిస్టర్లు ఆమెకు ఇప్పటికే చాలా ఉన్నాయి.